అత్తగారి తొట్టి, నా ప్లాను

మే 7, 1950. ఆదివారం

సరస్సు మీద మంచు నిన్నటితో పూర్తిగా కరిగింది. నేల గునపానికి లొంగుతోంది. ఇక ఇల్లు మొదలుపెట్టవచ్చు.

ఈ నోటుబుక్కు నా పెళ్లాం సైమి ఇచ్చింది, కొలతలు రాసుకోమని. కొలతలు తప్ప ఇందులో ఇంకేమీ రాయను. మా వైపు మగవాళ్లం అవసరం లేనిదే నోరు విప్పం. అవసరమైనా ఒకసారి ఆగి చూస్తాం, అవసరం దానంతటదే పోతుందేమోనని. మాట్లాడే పని సైమి చూసుకుంటుంది. ఆమెది కరేలియా, యుద్ధంలో సరిహద్దు అవతలికి పోయిన తూర్పు సీమ. అక్కడివాళ్ల నోరు ఊరుకోదు.

పొడవు ఎనిమిది మీటర్లు, వెడల్పు ఏడు. పొగగొట్టం సరిగ్గా నడిమధ్య.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు. పెళ్లి ఎనిమిదేళ్ల కిందటే అయిపోయింది. మిగిలింది ఇదొక్కటే. పోయిన ఏడాది ముందుగా సౌనా కట్టుకున్నాం. ఎవరైనా అంతే, ఆవిరిస్నానానికి చోటు చూసుకున్నాకే ఇంటి సంగతి. దాని ముందుగదిలోనే చలికాలమంతా ముగ్గురం కాపురం చేశాం, నేను, సైమి, మా ఏడేళ్ల కూతురు కెర్తు. శనివారం స్నానానికి రాళ్లు వేడెక్కిస్తే పరుపులన్నీ ఎత్తి బయట మంచులో పెట్టాలి. బల్ల కింద నా పనికొచ్చే చెక్కల కుప్ప ఉంది. సైమి దాన్ని చెత్త అంటుంది.

ప్లానును సౌనా గోడకు మేకు కొట్టి తగిలించాను. యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ల కోసం చదువుకున్నవాళ్లు గీసిన ప్లాను. దేశమంతా ఇలాంటి ఇళ్లే లేస్తున్నాయి. ఒక్క గీతా వంకర లేదు. మధ్యలో పొగగొట్టం, చుట్టూ వంటిల్లు, పెద్దగది, చిన్నగది. వంటింటి వెనక, పొగగొట్టానికి ఆనుకుని కిటికీ ఉన్న గూడంత గది ఒకటి ఉంది. అది నా పనిముట్లకు. బల్ల ఎక్కడ వేయాలో, ఏ రంపం ఏ మేకుకు తగిలించాలో చలికాలమంతా అనుకుని ఉంచుకున్నాను.

మే 9

గుంట సగం అయింది. నడుము పడిపోయింది.

సైమి ప్లాను ముందు చాలాసేపు నిలబడి, రొట్టెల పొయ్యి ఎక్కడని అడిగింది. లేదన్నాను. ఇనుప పొయ్యి ఉంది, వంటకు అది చాలు, రొట్టె కొట్లో దొరుకుతుంది అన్నాను. నేను పుట్టి పెరిగింది మిల్లు కార్మికుల లైనిళ్లలో. ఇంట్లో కాల్చిన రొట్టె నేను తిన్నది పెళ్లయ్యాకే.

మే 10

సైమి నిన్నటి మాట ఇవాళ కూడా వదల్లేదు. వాళ్లమ్మ సంగతి.

ఇరో అత్తగారు కరేలియాలో ఇల్లూ పొలమూ వదిలేసి రెండుసార్లు వచ్చేసింది. ముప్పై తొమ్మిది నాటి మొదటి యుద్ధంలో ఒకసారి, మళ్లీ వెళ్లి ఇల్లు బాగుచేసుకున్నాక రెండోసారి. రెండుసార్లూ ఒక ఆవును తోలుకుని, రొట్టెపిండి కలిపే చెక్కతొట్టి ఒకటి మోసుకుని బయల్దేరింది. ఇప్పుడు పడమర తీరంలో ఒక రైతు ఇంట్లో పై గదిలో ఉంటోంది. ఆ ఇంటావిడ ఏడాదికి రెండుసార్లు రొట్టెలు కాల్చి, నడుమ చిల్లు పెట్టి, కప్పు కింద వాసానికి గుచ్చేస్తుంది. ఆరు నెలలు వాటినే కొరుక్కుంటారు. కరేలియా వాళ్లకు శనివారం శనివారం మెత్తటి రొట్టె కావాలి. అది దుబారా అని ఇంటావిడ పొయ్యి ఇవ్వదు. ఆవిడ వంతు అయ్యాక, ఏడాదికి ఆ రెండుసార్లే అత్తగారికి వేడి మిగులుతుంది.

"ఆరేళ్లుగా మా అమ్మ పరాయి పొయ్యి ముందు వరసలో నిలబడుతోంది విహ్తోరీ," అంది సైమి. "సొంత కూతురింట్లో పొయ్యే లేదంటే ఇంకెక్కడికి పోతుంది?"

ప్లానులో లేదన్నాను. నువ్వు పట్టిన కుందేటికి మూడే కాళ్లు అని విసురుగా లేచి పోయింది.

మే 11

నాకు ఇరో అత్తగారంటే భయమేమీ లేదు. ఇది రాసి పెట్టుకుంటున్నాను.

మే 13

పొగగొట్టం పునాదికి కాంక్రీటు పోశాను. ప్లానులో ఎంత ఉంటే అంత. వేలెడు ఎక్కువ కాదు, తక్కువ కాదు.

మే 14. ఆదివారం

సైమి ఎర్ర ఊలు ఉండ తెచ్చింది. నాలుగు పుల్లలు పాతి, నిన్నటి కాంక్రీటు పక్కన వాళ్ల ఊళ్లో పొయ్యి ఎంత ఉండేదో అంతా ఊలు చుట్టి చూపించింది. అది వంటింట్లో సగం మింగింది, నా పనిముట్ల గదిని మొత్తంగా మింగింది. తర్వాత తనే దాని ముందు నిలబడి లేని రొట్టెలు లేని పొయ్యిలోకి తోసింది. కెర్తు వచ్చి తనకు చేపల రొట్టె కావాలంది. ఇద్దరూ కూర్చుని తిన్నారు. నాకూ ఒక ముక్క పెట్టారు. తీసుకోకపోతే బాగుండదని తీసుకున్నాను.

ఆ పొయ్యిని నేను ఎరుగుదును. పెళ్లప్పుడు యుద్ధంలోంచి మూడు రోజుల సెలవు మీద వెళ్లి దాని పైనే పడుకున్నాను. ఆ ఇంట్లో గది ఎంత పెద్దదంటే ఈ చివర నుంచి ఆ చివరకు మాట వినిపించాలంటే గొంతు పెంచాలి. అత్తగారు నన్ను కింది నుంచి పై దాకా చూసి, కూతురితో, "రాతిగోడను తెచ్చావేమే" అంది. అందరూ నవ్వారు.

అలాంటి ఇంట్లో బతికిన మనిషికి నేను ఎనిమిదికి ఏడు మీటర్లు చూపించాలి. ప్లాను చేతిలో ఉంటే, ఇది నేను గీసింది కాదు, ప్రభుత్వం గీసింది అనవచ్చు.

మే 18

ఆ విషయం ఆలోచించడం లేదు.

పొడవు రెండు మీటర్లు, వెడల్పు మీటరున్నర పైన నాలుగు వేళ్లు. ఊలు తడిస్తే కుంచించుకుపోతుంది, అందుకని ముందే కొలిచి పెట్టాను.

మే 23

పొయ్యిల మేస్త్రీ నెస్తోరి వచ్చాడు. అరవై దాటినవాడు, ఈ చుట్టుపక్కల పొగగొట్టాల్లో సగం అతను కట్టినవే. గుంట చుట్టూ తిరిగాడు, ఊలు చుట్టూ తిరిగాడు. పైపు ముట్టించాడు.

"ఇందులో ఏది కట్టాలోయ్, కాంక్రీటుదా, ఊలుదా?"

ప్లాను చూపించాను. అతను తలూపి, ఒక మాట మాత్రం చెప్పాడు. ఆ పొయ్యి బరువును నేను పోసిన పునాది మోయలేదు. పెంచితే ఇప్పుడే పెంచాలి. నేల పలకలు పరిచాక దేవుడు దిగొచ్చినా పెంచలేడు.

రేపు చెబుతానన్నాను.

మే 24

ప్లాను దించి, బల్ల మీద పరిచి, పెన్సిలుతో నా పనిముట్ల గది గోడ కొట్టేశాను. తర్వాత చిన్నగదికి కిటికీ తూర్పు వైపుకు మార్చాను. అందులో ముసలివాళ్లెవరైనా పడుకుంటే పొద్దుటి ఎండ మంచం మీద పడుతుంది.

సైమి నీళ్లు మోసుకుని వచ్చింది. ప్లాను చూసింది. బకెట్టు దించలేదు, అలాగే నిలబడిపోయింది. కాసేపటికి వచ్చి నా మెడ పట్టుకుంది, నా వీపంతా తడిసిపోయింది. తను ఒక్క మాట కూడా అనలేదు. పెళ్లయిన ఎనిమిదేళ్లలో ఇది మొదటిసారి.

నాకు చాలా సంతోషంగా ఉంది. కొలతలు రేపు రాస్తాను.

మే 29

పునాది పక్కన అదనంగా రాళ్లు దించాం. పక్క ఊరి రైతు గుర్రం ఇచ్చాడు. బదులుగా ఆగస్టులో రై ధాన్యం కోతలకు సైమి వెళ్లి ఆ రైతు ఇంట్లో ఉంటుంది. నెస్తోరి రాయి రాయికీ, "ఇది ప్లానులో ఉందా?" అని అడిగాడు. మొత్తం నలభై మూడు రాళ్లు.

జూన్ 10

గోడలు లేస్తున్నాయి. మేకులు కొట్లో లేవు. కాంక్రీటు పోసిన చెక్క పెట్టెల నుంచి పీకినవన్నీ ముగ్గురం కూర్చుని సుత్తితో సాపు చేశాం. సైమి సాపు చేసినవి నావాటికంటే తిన్నగా ఉన్నాయి. ఇది ఇక్కడ మాత్రమే రాస్తున్నాను.

జూన్ 24

నడివేసవి పండుగ. పని లేదు. సరస్సు ఒడ్డున కట్టెల మంట వేశాం. పొద్దు గుంకనే లేదు, పడుకోవడానికి ఎవరికీ మనసు రాలేదు. గోడల మధ్య నేల పలకలు పరిచి ఉన్నాయి, పైకప్పు లేదు. సైమి నన్ను వాటి మీదకు లాగి నాట్యం చేయించింది. పలకలు ఒక్కటీ కిర్రుమనలేదు. మేకులు గట్టిగా ఉన్నాయి.

జులై 15. శనివారం

దూలం ఎక్కింది. కప్పు కొనకు చిన్న దేవదారు కొమ్మ కట్టాం. సాయం చేసిన పదకొండు మందికి విందు పెట్టాం. పెట్టకపోతే ఇంటి మీద గడ్డిబొమ్మ వేలాడదీసి ఊరంతా నవ్వుతారు. రేషనులో వచ్చిన అసలైన కాఫీ గింజలు సైమి ఈస్టర్ నుంచి దాచిందట, నాకు వాసన కూడా తెలియనివ్వలేదు. ఇంకా కట్టని పొయ్యి ముందు నిలబడి నెస్తోరి ఉపన్యాసం ఇచ్చాడు. ఈ ఇంటి యజమాని రెండు మాటలు మాట్లాడాలని అందరూ పట్టుబట్టారు. నేను లేచి, "కప్పు నిలబడింది," అన్నాను. చాలా చప్పట్లు కొట్టారు.

ఆగస్టు 1

పొయ్యి మొదలు. మళ్లీ ఒక తీర్మానం చేయాలి. నెస్తోరి అడిగాడు, పొయ్యి నోరు ఎంత ఎత్తులో పెట్టాలని. రొట్టె తోసే మనిషి మోచేతికి సరిపోవాలి. సైమి పొడగరి. తన ఎత్తుకు పెడితే వాళ్లమ్మకు అందదు, వాళ్లమ్మ ఎత్తుకు పెడితే తను వంగాలి. నేను వంగుతాను, నీకేం బాధ అని నాతో అని, సైమి వాళ్లమ్మకు ఉత్తరం రాసింది. అమ్మా, వస్తావా, వస్తే నీ మోచేయి ఎంత ఎత్తు అని.

ఆగస్టు 8

జవాబు వచ్చింది. కవరులో కాగితం లేదు. బూడిదరంగు ఊలుపోగు ఒకటి, ఒక కొసన ముడి. అంతే. నేల నుంచి మోచేతికి.

సైమి ఏడ్చింది, నవ్వింది, మళ్లీ ఏడ్చింది. వస్తున్నట్టే అంది.

నేను దారాన్ని గోడకు ఆనించి చూశాను. రెండుసార్లు కొలిచాను. ఆవిడ ఇంత పొట్టిగా ఉంటుందని అనుకోలేదు. నాకు గుర్తున్న మనిషి తల గుమ్మానికి తగిలేది.

ఆగస్టు 16

పొయ్యి లేచింది. ఇప్పుడు వారం పది రోజులు చిన్న చిన్న మంటలతో దాన్ని ఆరబెట్టాలి. పెద్ద మంట వేస్తే పగుళ్లిస్తుంది. దానికి చిల్లర పుల్లలు కావాలి. నెస్తోరి నా చెక్కల కుప్ప వైపు చూశాడు. సైమి కూడా చూసింది. ఈ ఇంట్లో ఎవరికీ ముందుచూపు లేదు. సగం ఇచ్చాను.

ఆగస్టు 21

సైమి, కెర్తు కోతలకు వెళ్లారు. శనివారం వస్తారు. ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉంది. నిశ్శబ్దం నాకు ఇష్టమే. రెండు గంటలు ఇష్టపడ్డాను.

ఆగస్టు 22

స్టేషను నుంచి కబురు వస్తే వెళ్లాను. అత్తగారి పిండితొట్టి. మనిషి వచ్చేవారం వస్తుంది, తొట్టి ముందు వచ్చింది.

పాపం, ఎంత పాతది. రైల్లో ఎక్కడో పడేసినట్టున్నారు, నిలువు పలకల్లో ఒకటి పై నుంచి కింది దాకా చీలింది, కట్టు ఒకటి ఊడింది. లోపల చూసి మొహం పక్కకు తిప్పుకున్నాను. గోడలంతా బూడిదరంగు అట్టలు కట్టి ఉంది, వేలెడు మందాన. పుల్లటి కంపు. పరాయి ఇంట్లో ముసలావిడకు నీళ్లు కాచుకునే వీలు కూడా ఇచ్చి ఉండరు.

నాకు ఒక ఆలోచన వచ్చింది.

ఆగస్టు 23

రోజంతా తొట్టితోనే. కట్లు విప్పి, చీలిన పలక పక్కన పడేసి, మిగతావన్నీ వరసగా పేర్చాను. బూడిద కలిపిన మరిగే నీళ్లతో మూడుసార్లు తోమాను. అట్టలు వదలకపోతే గీకాను. ఇంకా మరకలు ఉంటే చిత్రిక పట్టాను, నున్నగా. గీకింది, చిత్రిక పొట్టు అంతా పొయ్యి ఆరబెట్టే మంటలో వేశాను. చీలిన పలక స్థానంలో ముడి ఒక్కటి కూడా లేని తెల్లటి పైను పలక కొత్తది చెక్కాను. కొత్త కట్లు బిగించాను. నీళ్లు పోస్తే ఒక్క చుక్క కారలేదు.

నా చేతి పనుల్లో ఇది అన్నిటికంటే మంచిది. ఆవిడ దీన్ని చూడగానే ఏమంటుందో. రాతిగోడ అని మాత్రం అనదు.

ఆగస్టు 24

మధ్యాహ్నం గాలివాన. చిన్నగది కిటికీ రెక్క టపటపా కొట్టుకుంటోంది, గొళ్లెం ఇంకా బిగించలేదు. చేతికి దొరికిన చెక్క ఒకటి ఇరికించి వచ్చాను. ఇప్పుడు కొట్టుకోవడం లేదు. గాలి ఆడితే గోడలు కూడా ఆరతాయి.

ఆగస్టు 26. శనివారం

వాళ్లు వచ్చారు. వంటింట్లో పొయ్యి పక్కన తొట్టిని గుడ్డ కప్పి ఉంచాను. గుడ్డ తీశాను.

సైమి లోపలికి చూసింది. చేయి పెట్టి గోడ తడిమింది. నేల మీద కూర్చుండిపోయింది. నచ్చిందేమో అనుకున్నాను.

"విహ్తోరీ, ఇది కడిగావా?"

మూడుసార్లు అన్నాను.

ఆ తర్వాత తను చెప్పింది ఇక్కడ రాయడం కష్టంగా ఉంది, అయినా రాస్తాను. ఆ తొట్టిని ఎప్పుడూ కడగరు. ఆ అట్టలే తోడు. ఒకసారి కాల్చాక మిగిలిన పిండి గోడలకు ఎండిపోతుంది, మళ్లీసారి దాని మీద నీళ్లూ పిండీ పోస్తే అదే లేచి కొత్త పిండిని పులియబెడుతుంది. సైమి అమ్మమ్మ పెళ్లినాటిదట ఆ తోడు. పాలకు తోడు వేసినట్టే. ఆవు దారిలో చచ్చిపోయింది, ఇల్లు అవతల ఉండిపోయింది, ఇది మాత్రం మిగిలింది. రెండుసార్లు సరిహద్దు దాటింది. నేను దాన్ని బూడిదనీళ్లతో తోమి, చిత్రిక పట్టి, ఆ పొట్టుతో పొయ్యి రాజేశాను.

పాత పలక ఏదని అడిగింది. సౌనాకు పరుగెత్తాను. కుప్పంతా తీసి చూశాను. లేదు. నెస్తోరి గురువారం పొద్దున వచ్చి మంట వేశాడు, దానికి చిల్లర పుల్లలు అతనే తీసుకున్నాడు. నేను పారేయని మనిషినని పేరు. పారేయకూడనిది ఒకటుంటే అదీ పోయింది.

పక్కింటి నుంచి తోడు తెచ్చుకుంటే సరిపోదా అన్నాను. అది వాళ్ల రొట్టె అవుతుంది అంది సైమి. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

"అమ్మ గురువారం వస్తుంది. నువ్వే చెప్పు."

ఆగస్టు 27

మంచి పని చేయబోయాను. ఎవరైనా అదే చేసేవారు.

ఆగస్టు 28

ఎవరూ చేసేవారు కాదు. ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడగడానికి ఒక ఉత్తరం చాలు. కరేలియాలో పుట్టినవాడెవడైనా అడిగేవాడు, వద్దన్నా అడిగేవాడు.

ఆగస్టు 29

చిల్లర పుల్లలు తీసుకున్నప్పుడు వంకర పలక ఏదైనా చూశావా అని నెస్తోరిని అడిగాను. చూసినట్టే ఉంది అన్నాడు. తర్వాత చూడనట్టే ఉంది అన్నాడు.

ఆగస్టు 31. గురువారం

నిదానంగా రాయాలి.

గుర్రబ్బండి అడిగి తీసుకుని స్టేషనుకు ఒక్కణ్ణే వెళ్లాను. అత్తగారు దిగింది. నా భుజం కిందికి వస్తుంది. ఒక మూట, చేతిలో గుడ్డలో చుట్టిన దేవుడి పటం. నన్ను చూసి, "ఏం అల్లుడూ, మాటలు నేర్చుకున్నావా?" అంది. ఇంకా లేదన్నాను.

దారి తొమ్మిది కిలోమీటర్లు. ఎనిమిది కిలోమీటర్లు ఆవిడ మాట్లాడింది, రైలు గురించి, రైల్లో గొర్రెపిల్లతో ఎక్కినావిడ గురించి, పై గదిలో ఆరేళ్లు ఉండి తను లెక్కపెట్టిన ఎండు రొట్టెల గురించి. నేను మూడుసార్లు నోరు తెరిచాను. మూడుసార్లూ గుర్రాన్ని అదిలించాను.

ఇంటి ముందు సైమి, కెర్తు ఇద్దరూ రొట్టె, ఉప్పు పట్టుకుని నిలబడ్డారు, కొత్త ఇంట్లోకి అడుగుపెట్టేవాళ్లకు అది ఆచారం. కొట్లో కొన్న రొట్టె. తల్లీకూతుళ్లు చాలాసేపు వదల్లేదు. తర్వాత అత్తగారు లోపలికి వచ్చింది. నేను గుమ్మం దగ్గరే ఉండిపోయాను. ఆవిడ పెద్దగది చూసింది. పొయ్యి ముందుకు వెళ్లి నిలబడి, మోచేయి మడిచి పొయ్యి నోటి మీద ఆనించింది. వేలి సందు తేడా లేదు. ఇటుకలను అరచేత్తో తట్టింది, మన గుర్రాన్ని మనం తట్టినట్టు. అప్పుడు పక్కనున్న తొట్టి మీద చూపు పడింది.

ఇక ఆగితే చచ్చేదాకా చెప్పలేను.

"అత్తయ్యా, తొట్టి నేను కడిగాను."

ఆవిడ నా వైపు తిరిగింది. "లోపల కూడానా?"

"చిత్రిక కూడా పట్టాను."

తెలియక చేశానన్నాను. మీరు చూసి మెచ్చుకోవాలని చేశానన్నాను. మీ ఇల్లు నేను చూశాను, ఇది అందులో మూలకు కూడా రాదు, కనీసం తొట్టి అయినా బాగుండాలనుకున్నాను అన్నాను. పెళ్లయ్యాక ఆవిడతో నేను మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఇన్ని ఉండవు. ఆవిడ వింది. తొట్టిని ఒకసారి తడిమింది. కాస్త నడుం వాలుస్తానని చిన్నగదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

మేం ముగ్గురం వంటింట్లో నిలబడ్డాం. సైమి వచ్చి నా చేయి పట్టుకుంది. అదే పెద్ద శిక్షలా ఉంది.

ఎంతసేపైందో తెలియదు. లోపలి నుంచి, "చలిగాలి కొడుతోంది, కిటికీ వేసుకుంటాను" అని వినిపించింది. తర్వాత, "అల్లుడూ, ఇటు రా."

వెళ్లాను. ఆవిడ కిటికీ దగ్గర నిలబడి ఉంది. చేతిలో ఒక వంకర పలక, పై నుంచి కింది దాకా చీలింది. ఒక వైపు బూడిదరంగు అట్ట, వేలెడు మందం. చీలిక లోపల కూడా గట్టిగా కూరుకుపోయి ఉంది.

"దీన్నెందుకు కడగలేదు?"

చీలిపోయింది కదా, కడిగి ఏం లాభం అనుకున్నానన్నాను. వానొచ్చి కిటికీ కొట్టుకుంటుంటే చేతికి దొరికింది, ఇరికించానన్నాను.

ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. మంచం మీద కూర్చుని, పలకను ఒళ్లో పెట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. సైమి పరుగెత్తుకొచ్చి చూసి అక్కడే గోడ వెంట జారి కూలబడి తనూ నవ్వింది, ఏడ్చింది. కెర్తు ఏమీ అర్థం కాకుండానే నవ్వింది. నేను కూడా నవ్వాను. నిజం రాస్తే, నవ్వింది కొంచెమే.

అత్తగారు కత్తి మొనతో అట్టలో కొంత గీకి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, గుప్పెడు రై పిండి కలిపింది. వెచ్చగా, నిలకడగా వేడి ఉండే చోటు కావాలంది. సౌనా ఉంది కదా అన్నాను. పై మెట్టు మీద పెట్టాం. మంట కాదు, రాళ్ల వెచ్చదనం మాత్రం.

సెప్టెంబరు 1

ఏమీ లేదు. బురదలా ఉంది. ఏడుసార్లు వెళ్లి చూశాను. తలుపు తీసినప్పుడల్లా వేడి పోతోందని అత్తగారు నన్ను అదిలించింది.

సెప్టెంబరు 2

ఏమీ లేదు. శనివారమైనా ఎవరూ స్నానం చేయలేదు. సరస్సులో మునిగాం.

సెప్టెంబరు 3. ఆదివారం

ఒక బుడగ.

అందరినీ పిలిచాను. వాళ్లు వచ్చేసరికి అది పగిలిపోయింది. నా మాట ఎవరూ నమ్మలేదు. అక్కడే కూర్చున్నాం. ఇంకొకటి లేచింది, పక్కన రెండు. అత్తగారు ముక్కు దగ్గర పెట్టి వాసన చూసింది. కళ్లు మూసుకుంది. సైమి చేతికి ఇచ్చింది, సైమి కెర్తుకు ఇచ్చింది, కెర్తు నాకు ఇచ్చింది. నేను మొహం తిప్పుకున్న కంపు అదే. ఇంత మంచి వాసన నేనెప్పుడూ చూడలేదు.

సెప్టెంబరు 4

అత్తగారు నాకు ఒక పని చెప్పింది. తొట్టి కట్లు విప్పి, నేను చేసిన కొత్త పలక తీసేసి, పాత పలక మళ్లీ పెట్టమంది.

అది చీలింది, కారుతుందన్నాను. చక్కటి పలక తీసి చీలిన పలక పెట్టడం వడ్రంగంలో ఎక్కడా లేదన్నాను.

"కారనీ అల్లుడూ. చిల్లు కనబడితే పిండే పూడ్చుకుంటుంది. ఆరేళ్లు నేనేం చేశాననుకున్నావు?"

కట్లు విప్పాను.

సెప్టెంబరు 5

తొలి రొట్టె. అత్తగారు ఎనిమిది తోసింది, మోచేయి ఎత్తులోనే, ఒక్కసారి కూడా వంగలేదు. సైమి వంగి వంగి తోసి నడుము పట్టుకుంది, సణగలేదు. నెస్తోరి వాసన పట్టుకుని పిలవకుండానే వచ్చాడు, పొగగొట్టం ఎలా లాగుతుందో చూడాలని వచ్చానన్నాడు. నాలుగు ముక్కలు చూశాడు.

తొట్టి కొంచెం కారింది. మధ్యాహ్నానికి ఆగింది.

మొదటి రొట్టె అంచు ముక్క అత్తగారు నాకు ఇచ్చింది. వాళ్ల ఊళ్లో అది ఇంటి యజమానికి ఇస్తారట. నేను దాన్ని పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. తినవోయ్, ఇది కూడా దాచుకుంటావా అంది.

సెప్టెంబరు 12

ప్లానును సౌనా గోడ నుంచి తీసి ఇంట్లో తగిలించాను, పెన్సిలు గీతలతో సహా. అత్తగారు కళ్లజోడు పెట్టుకుని చూసి, పొయ్యి ఎక్కడుందని అడిగింది. గీతలు చూపించాను. ఇది ఎవరు గీశారంది.

నేనే అన్నాను.

సాయంత్రం గాలి లేచింది. చిన్నగది గొళ్లెం ఇంకా బిగించలేదు. నేను చెక్కిన తెల్లటి పైను పలక, ముడి ఒక్కటి కూడా లేనిది, చెక్కల కుప్ప మీద ఉంటే తెచ్చి ఆ కిటికీకి ఇరికించాను. సరిగ్గా సరిపోయింది. అత్తగారు అప్పటికే నిద్రపోయింది.